సరిపోలలేదు

ఈ కాయితం నాది కాదు బాబూ.
కొర్ల తవిటమ్మ, కాశీబుగ్గ, రైలుగేటు అవతలీది,
రేకులిల్లు ఒకటి, కొళాయి ఒకటి,
ఇంటిపన్ను, నీటిపన్ను, ఆలీసమైనందుకు వడ్డీ –
సదివించుకున్నాను, తప్పేటీ నేదు.
గాని ఆ తవిటమ్మ నాను కాదు.

నిన్ననే తేలిపోనాది కదా.
డిపో కాడ మిసన్ మీద ఏలెట్టినాను.
ఎర్రలైటు ఎలిగింది.
బొటనేలు పెట్టినాను, సూపుడేలు పెట్టినాను,
సీర సెంగుతో తుడిసి ఎడంసెయ్యి పెట్టినాను.
ఎనకాలోలు సంచుల్తో ఇసురుకుంటన్నారు.
డిపో కుర్రోడు మంచోడే,
నా ఏలు తన ఏలితో నొక్కిపట్టి మరీ సూసినాడు.
పదేళ్ళూ అయిపోనాయి –
సమచ్చరాలు కాదు బాబూ, సేతి ఏళ్ళు –
పదిసార్లూ "సరిపోలలేదు" అంది మిసను.
కొబ్బరినూనె రాసుకుని రేపు రాయే పిన్నీ, అన్నాడు.

ఇరవైరెండు సమచ్చరాలు, జీడిపిక్కల బట్టీలో.
కాల్సిన పిక్క కొట్టగానే
నల్లటి రసం ఎగిరి ఏలికి పడతాది.
బూడిద రాసుకున్నా తింటాది,
ఆముదం రాసుకున్నా తింటాది.
తోలు పోనాది, మళ్ళీ వొచ్చింది, మళ్ళీ పోనాది.
గీతలు మాత్రం రానేదు.
అయ్యెక్కడికెల్లాయో నాకు తెలుసు –
డబ్బాల్లోకెక్కి, లారీల్లోకెక్కి ఎల్లిపోనాయి.
పెద్దపెద్ద ఊళ్ళల్లో
ఎవులి పాయసంలోనో, ఎవులి పెల్లి పులావులోనో తేల్తన్నాయి.
మీ ఆఫీసరుగారు దీపావళికి పెట్టె పుచ్చుకుంటారు కదా,
అందులో ఓ గుండుపప్పు తీసి
ఆ మిసన్ మీద పెట్టి సూడండి.
నానే అని సెప్పుద్దేమో.

నవ్వకు బాబూ.
నాకూ నవ్వే వస్తంది గాని, ఒక్కటడుగుతాను.
అగ్గిపెట్టి కొన్నాను, అందులో మీ వొంతు తీసుకున్నారు.
సబ్బుబిళ్ళకి తీసుకున్నారు,
సెల్లులో ఏసిన డబ్బులకి తీసుకున్నారు,
మా ఆయన కిడ్నీలు పాడైనప్పుడు
మింగిన బిళ్ళ బిళ్ళకీ తీసుకున్నారు.
ఏ పొద్దయినా ఏలెట్టమన్నారా?
ఈవిడ ఈవిడేనా అని
ఒక్క దుకానం కాడైనా లైటెలిగిందా?
తీసుకునీటప్పుడు నాను నానే.
ఇచ్చీటప్పుడే ఎవులో.

మా మనవరాలు ఐదోది సదువుతంది.
మొన్న జెండా పండక్కి
సొతంత్రం మీద పది లైన్లు రాసుకురమ్మన్నారంట.
సొతంత్రమంటే ఏటే అమ్మమ్మా, అంది.
నాకేటి తెలుసు.
ఇంటికి తెచ్చుకున్న పప్పు పొట్టు తీస్తా తీస్తా,
మన తిండి మనం తెచ్చుకోడానికెల్తే
నువ్వెవులని ఎవులూ అడక్కపోడం, అన్నాను.
పిచ్చిది, అదే రాసీసింది.
టీచరమ్మ కొట్టీసి
పక్కన ఎర్రపెన్నుతో ఏదో రాసినాదంట.

ఓట్లప్పుడు సిరా మాత్రం
ఈ ఏలికి బాగానే అంటుకుంది బాబూ.
నెల్రోజులు పోనేదు.

సరే, నువ్వేటి సేస్తావు.
నీకూ పైన ఒకాయన, ఆయనకీ పైన ఇంకొకాయన.
కట్టకపోతే కొళాయి కోసీస్తారు,
వారానికి రొండుసార్లు దగ్గి
మూడోసారి నీళ్ళిచ్చే కొళాయి అది.
ఇదిగో, లెక్కెట్టుకో –
రొండు అయిదొందలు, మిగతాయన్నీ పదులు.
ఒక్కోదాని మూల నల్లగా ఉంటాది, జీడిమరక.
బట్టీ డబ్బులు అలగే ఉంటాయి, తుడిసినా పోదు.
సెల్లుతాదా?

సెల్లుతాదంట.
రసీదు రాసినాడు.
పేరు కాడ కొర్ల తవిటమ్మ.
వాలకి పుస్తకంలో సంతకానికో గీత గీసుంది.
నీలం పేడ్ మీద బొటనేలు అద్ది
ఆ గీత మీద ఒత్తినాను.
పడింది –
లోపల ఒక్క గీతా నేని
నున్నటి నీలం సుక్క,
తడి బిళ్ళలాగ.
సాల్లేమ్మా, అన్నాడు,
సూడకుండానే
ఎనకాలోల్ని పిలిసినాడు.